ఏడున్నర అంగుళాల మెట్టు

లాండ్రీ, ఇస్త్రీ బల్ల పక్కన
మంగళవారం, మధ్యాహ్నం విరామం

ఒసే వసపిట్టా,

చేతిలో ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటే అని నవ్వుతావని తెలుసు. నవ్వు. మాకున్నది ఒకటే గది. నేను నోరు విప్పితే మంచం మీది మనిషికి వినబడుతుంది, గుసగుసలాడితే ఇంకా బాగా వినబడుతుంది. అందుకే ఆసుపత్రి దుప్పట్లు మడతపెట్టే ఈ బల్ల మీద, మిషన్ల రొదలో కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఇక్కడ ఎంత ఏడ్చినా ఆవిరనుకుంటారు.

మెట్లు దిగుతుందన్న ఆ మోటారు కుర్చీ వచ్చింది. శనివారం ఇద్దరు మనుషులు ఆ పెట్టెను మూడో అంతస్తు దాకా మోసుకొచ్చి, రొప్పుతూ సంతకం పెట్టించుకుని పోయారు. మీ బావ పొద్దున్నే గడ్డం గీసుకున్నారు. ఉతికిన చొక్కా అడిగి మరీ వేసుకున్నారు. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు బాగుచేసిన మనిషి, కాళ్ళు పడిపోయి, లిఫ్టు లేని మేడలో చిక్కుకుని పదకొండు నెలలుగా ఒక్క మెట్టు దిగలేదు కదా! "వీధి చివరిదాకా వెళ్ళి నిలబడి టీ తాగొద్దాం" అన్నారు. నిలబడి అన్న మాట నోరు జారి వచ్చింది. నేను ఆయన చొక్కా గుండీలు సర్దాను.

ముందు ఖాళీ కుర్చీతో చూద్దామని నేనే పట్టుబట్టాను. మెట్ల అంచుకు తీసుకెళ్ళి మీట నొక్కాను. ముందున్న రెండు చిన్న కాళ్ళు చాచింది. నీటి లోతు తెలియనివాడు కాలుపెట్టి చూసినట్టు గాల్లో తడిమి తడిమి, కింది మెట్టు అందక, కీచుమని అరిచి కాళ్ళు లోపలికి లాక్కుంది. పదిసార్లు నొక్కాను. పదిసార్లూ అదే అరుపు. మీ బావ చొక్కా విప్పి, మడతపెట్టమని నా చేతికిచ్చారు.

కుర్చీ అమ్మిన ఆన్‌లైన్ కంపెనీ నంబరుకు ఫోన్ చేశాను. "కుర్చీ కదులుతోందా అమ్మా?" అంది ఆ పిల్ల. కదులుతోంది అన్నాను. "అలారం మోగుతోందా?" చెవులు చిల్లులు పడేలా మోగుతోంది అన్నాను. "అయితే వస్తువులో లోపం లేదమ్మా, డబ్బు వాపసు రాదు" అంది. విన్నావా? కుర్చీ అరిస్తే అది బాగున్నట్టట. మరి నేను అరిస్తే?

అది ఏ డబ్బో నీకు తెలుసు. కింది వాటాలో ఉండే గడియారాల తాత వచ్చే నెలాఖరుకి ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆ గదికి అడ్వాన్సు ఇద్దామని దాచుకున్న డబ్బది. గుమ్మం దాటితే వీధి. మీ బావ పాత కంపెనీ వాళ్ళు వర్క్‌షాపులో కూర్చుని మోటార్లకు తీగ చుట్టే పని ఇస్తామన్నారు. రోజూ రాగలిగితేనే ఇస్తారు. ఆ పై నెల ఒకటో తారీఖు దాకా చూస్తాం, ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటాం అని చెప్పేశారు. ఆ గది తీసుకుని ఉంటే ఈ గొడవే లేదు. ఇంతలో ఈ కుర్చీ కనబడింది. బొమ్మ కింద ఏం రాశారో తెలుసా? "ఎలాంటి మెట్లయినా, పక్కన ఎవరూ లేకపోయినా. మెట్టుదేముంది, మనసు గట్టిదైతే అదే వంగి దారిస్తుంది."

అది మన అమ్మ మాటే! బరువెత్తుకుని మేడెక్కుతూ అచ్చం ఇలాగే అనేది కాదూ? ఎవరో అమ్మలాంటి మనిషే రాసుంటుంది, అలాంటి మనిషి అబద్ధమెందుకు రాస్తుందిలే అనుకున్నాను. గది తీసుకుంటే గదే, కుర్చీ కొంటే ఊరంతా తిరగొచ్చు అని ఆశపడ్డాను. ఆశే నా కొంప ముంచింది.

నువ్వు ఆ కంపెనీలోనే ఆఫీసరువి. ఎవరికి చెప్తావో, ఎవరి కాళ్ళు పట్టుకుంటావో నాకు తెలియదు. వచ్చే నెలాఖరులోపు ఆ డబ్బు వెనక్కి ఇప్పించు. మీ బావను కిందికి దించు.

మీ అక్క


ఆఫీసు క్యాంటీన్, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

అక్కా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు కంగారు పడకు. ఇలాంటివి మా దగ్గర రోజూ ఉండేవే, అన్నీ సర్దుకుంటాయి. ఇక్కడ నాకు పని ఊపిరాడకుండా ఉంది, కొత్త సరుకు బోలెడు వచ్చిపడింది, క్యాంటీన్‌లో టీ నీళ్ళలా ఉంటోంది, మా హాస్టల్ గదిలో ఫ్యాను తిరిగేదానికంటే మూలిగేదే ఎక్కువ. బావ ఎలా ఉన్నారు? సరిగ్గా తింటున్నారా?

కుర్చీ గురించి అడిగాను. కొత్త కుర్చీల్లో సెన్సారు కాస్త బెదురుతుందట. మెట్టు ఉన్నా లేదనుకుని అలారం కొడుతుందట. బ్యాటరీ నిండా ఛార్జి పెట్టి, సెన్సారు మీద దుమ్ము లేకుండా తుడిచి, మళ్ళీ చూడండి. రెండు మూడు సార్లకు అలవాటు పడుతుందని అంటున్నారు.

డబ్బు వాపసు విషయం పైవాళ్ళతో మాట్లాడతాను. కొంచెం టైము పడుతుంది. కొనేటప్పుడు ఆ పేజీని ఫోటో గానీ తీశావా? ఊరికే అడుగుతున్నాను. తీయకపోతే పర్వాలేదు.

అమ్మ మాట అన్నావు. అలాంటి మాటలు అందరూ అంటూనే ఉంటారక్కా, అమ్మ ఒక్కతే కనిపెట్టిందా ఏమిటి! దాని గురించి ఎక్కువ ఆలోచించకు.

నీ చెల్లి


ఆసుపత్రి, ఎముకల వార్డు బయటి బెంచీ
బుధవారం

చెల్లీ,

ఇన్నేళ్ళుగా ఈ ఆసుపత్రి దుప్పట్లు ఉతుకుతున్నాను. నేను ఇస్త్రీ చేసిన దుప్పటి మీదే ఇప్పుడు మీ బావ పడుకుని ఉన్నారు.

నీ ఉత్తరం వచ్చిందంటే "మరదలు ఏమంది?" అని అడిగారు. మిగతావి దాచి, సెన్సారు మాట ఒక్కటి చదివి వినిపించాను. మొహం ఎంత విప్పారిందనుకున్నావ్! "అదే నేనూ అనుకున్నా. లిఫ్టు తలుపుల్లో కూడా ఇదే తంటా. దుమ్ము పడితే ఎదురుగా మనిషి లేకపోయినా ఉన్నాడనుకుంటుంది" అన్నారు. అంతకుముందు రోజే ఆ కుర్చీ కాళ్ళు కొలిచి, ఇంత పొట్టిగా ఉన్నాయేమిటి, ఇవెలా అందుతాయని తల గీరుకున్నారు. తన కొలత తన చేతిలోనే ఉంది. అయినా "మరదలు అక్కడే ఆఫీసరు, దానికి తెలియదా" అని ఆ మాట పక్కనపెట్టేశారు.

సోమవారం నేను పనిలో ఉండగా సెన్సారు తుడిచారు. అయినా అరిచింది. దాని తీగ ఊడదీశారు. అలారం ఆగిపోయింది. చేతుల మీద పాక్కుంటూ కుర్చీలోకి ఎక్కి, తనే తోలుకుంటూ మెట్ల దగ్గరికి వెళ్ళారు. నేను వచ్చేసరికి కింద గుమ్మంలో కూర్చుని కనబడాలని అనుకున్నారట. కింది నుంచి గడియారాల తాత చప్పుడు విని పైకి పరిగెత్తాడు. కుర్చీ ఆయన మీద పడి, మనిషి మెట్ల మలుపులో తలకిందులుగా ఉన్నారు. భుజం ఎముక విరిగింది. నుదుటి మీద కుట్లు పడ్డాయి. మెడ మీద పడి ఉంటే ఈ ఉత్తరం ఇంకోలా రాసేదాన్ని.

ఇంటికెళ్ళి మళ్ళీ ఆ పేజీ తీసి చూశాను. చెల్లీ, అది మారిపోయింది! "ఎలాంటి మెట్లయినా" లేదు. అమ్మ మాట లేదు. దానికి బదులు "ఐదు అంగుళాల లోపు ఎత్తున్న మెట్లకు మాత్రమే" అని రాసి ఉంది. మా మెట్లు ఏడున్నర. మీ బావ ఆసుపత్రి మంచం మీద కళ్ళు తెరిచి మొదట చెప్పిన అంకె అది. ఫోన్ చేస్తే "అక్కడ స్పష్టంగా ఉంది కదమ్మా, చదువుకోకుండా కొంటే మేమేం చేస్తాం" అన్నారు. నాకేమన్నా మతి పోయిందా? ముందు ఆ మాట లేదు కదూ? నువ్వు లోపల ఉన్నావు, నువ్వు చూడగలవు. లేదని ఒక్క ముక్క రాసి పంపవే. కాగితం మీద రాసి పంపు.

మీ అక్క


హాస్టల్, నా మంచం
ఆదివారం

అక్కా,

ముందు లేదు. నీకు మతి పోలేదు. ఆ పేజీ రాసింది నేనే.

మంగళవారం నువ్వు రాసిన ఉత్తరంలో అమ్మ మాట చూడగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు.

నేను ఆఫీసరును కానక్కా. ఎప్పుడూ కాలేదు. మొదట్లో బావ "ఆఫీసరమ్మా" అంటే నవ్వి ఊరుకున్నాను, ఆ తర్వాత కాదని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఒక హాల్లో నలభై మందిమి వరసగా కూర్చుంటాం. అమ్మేవాళ్ళు వస్తువు బొమ్మ, ఒక వివరాల కాగితం పంపిస్తారు. వాటిని చూసి నాలుగు వాక్యాలు రాయాలి. వస్తువును మేం కళ్ళతో చూడం. ఒక్కో వస్తువుకు ఇంత అని ఇస్తారు. రోజుకు ముప్పై రాస్తేనే గది అద్దె, తిండి గడుస్తాయి. మా సూపర్‌వైజరు గోడకు ఒక కాగితం అంటించాడు. "కాదు, లేదు, మాత్రమే. ఈ మాటలుంటే పేజీ వెనక్కి వస్తుంది." వెనక్కి వస్తే ఆ వస్తువుకు డబ్బు రాదు.

నీ కుర్చీ కాగితంలో "ఐదు అంగుళాల లోపు మెట్లకు మాత్రమే" అని ఉంది. నేను చదివాను. రెండోసారి కూడా చదివాను. మాత్రమే అన్న మాట రాయకూడదు కాబట్టి వాక్యం మొత్తం తీసేశాను. ఆ రోజు అది ఇరవై తొమ్మిదో వస్తువు. మాటలు అయిపోయాయి. నోటికి అమ్మ మాట వచ్చింది, పెట్టేశాను. అది చదివి ఎవరో ఎక్కడో కొంటారనుకున్నాను. ఆ ఎవరో నువ్వవుతావని కలలో కూడా అనుకోలేదక్కా.

సెన్సారు సంగతి అబద్ధం. ఎవరినీ అడగలేదు. ఫోన్ దగ్గర కూర్చునే పిల్లలు కస్టమర్లకు చెప్పే మాటలవి, భోజనాల దగ్గర విన్నాను. నీకేదో ఒకటి రాయాలి కదా అని రాశాను. కొన్నాళ్ళు గడిస్తే ఏదో దారి దొరుకుతుందిలే అనుకున్నాను. బావ అది నమ్మి ఆ తీగ పీకుతారని...

పేజీ మార్చింది కూడా నేనే. నీ ఉత్తరం చదివిన మర్నాడే మార్చాను. ఇంకెవరూ మోసపోకూడదని మార్చాను. నిజం చెప్పాలంటే నేను రాసింది ఎవరి కంటా పడకూడదని కూడా. దాంతో నీ చేతిలో ఉన్న ఒక్క సాక్ష్యం పోతుందని అప్పుడు తట్టలేదు. పేజీ ఫోటో తీశావా అని అడిగాను చూడు, అప్పటికే ఆ పని చేసేశాను.

అక్కా, నాకు రెండు రోజులుగా తిండి లోపలికి పోవడం లేదు. ఎలా క్షమించమని అడగాలో తెలియదు, అడగను కూడా. బావ ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయి. చాలు.

చెల్లి


లాండ్రీ
గురువారం

అందింది.

నీకు ఆ అంకె తెలుసు. నేను మంగళవారం రాశాను, నువ్వు శుక్రవారం జవాబిచ్చావు. ఆ మూడు రోజుల్లో "ఐదు" అని ఒక్క ముక్క రాసి ఉంటే మీ బావ ఆ మెట్ల దగ్గరికి వెళ్ళేవారే కాదు. కుర్చీ సంగతి వదిలెయ్. అది నీ పొట్టకూటి రాత అనుకుంటాను. కానీ నాకు రాసిన ఉత్తరానికి నీకెవరు డబ్బిచ్చారే?

చిన్నప్పటి నుంచీ నీ తప్పులన్నీ నా వీపున వేసుకున్నాను. పగలగొట్టింది నువ్వు, తిట్లు తిన్నది నేను. ఇది నా వీపున పడలేదు. కాళ్ళు లేని మనిషి భుజాన పడింది.

ఆయన బాగానే ఉన్నారు. ఇక రాయకు.


ఆఫీసు మెట్ల మీద
సోమవారం

అక్కా,

రాయొద్దన్నావు. ఇదొక్కటి చదివి చించెయ్.

శనివారం కంప్లయింట్ల విభాగానికి వెళ్ళాను. పెద్దావిడ ఒకరున్నారు, ముక్కుసూటి మనిషి. అమ్మినవాళ్ళు పంపిన అసలు కాగితం, నేను మొదట రాసిన పేజీ, నేను దాన్ని మార్చిన తేదీ, అన్నీ ఆవిడ బల్ల మీద పెట్టాను. నేనే రాశాను, నేనే మార్చాను అని రాసిచ్చాను. ఆవిడ కళ్ళజోడు తీసి "ఎందుకమ్మా నీకీ తద్దినం? నోరు మూసుకుంటే నీ జోలికి ఎవరొస్తారు?" అంది. కొన్నది మా అక్క అన్నాను. అప్పుడు కుర్చీ చూపించి కూర్చోమంది.

ఇది "వర్ణన తప్పు" కిందికి వస్తుంది, డబ్బు పూర్తిగా వాపసు ఇస్తారు. నీకు ఒక కాగితం పంపుతారు. దాని మీద సంతకం పెట్టి తిప్పి పంపితే చాలు, నాలుగు రోజుల్లో డబ్బు వస్తుంది. అందులో ఏవో ఆఫీసు మాటలుంటాయి, పట్టించుకోకు. చదువుతూ కూర్చోకుండా సంతకం పెట్టెయ్. నెలాఖరు ఎంతో దూరం లేదు.

చెల్లి


లాండ్రీ, సామాన్ల గది
ఆదివారం

చెల్లీ,

రాయొద్దన్నదాన్ని నేనే రాస్తున్నాను. ఏం చెయ్యను, ముందు నుయ్యి వెనక గొయ్యి.

కాగితం వచ్చింది. చదవకుండా సంతకం పెట్టమన్నావు. చదవకుండా కొని ఒకసారి బోర్లాపడ్డాను కదా, చదివాను. నిజానికి అప్పుడూ చదివే కొన్నాను, అది వేరే సంగతి. "ఈ వర్ణన రాసిన వ్యక్తి కావాలని నన్ను మోసగించినట్టు ఫిర్యాదు చేస్తున్నాను" అని ఉంది. దాని కింద సన్నటి అక్షరాల్లో, ఆ వ్యక్తికి రావలసిన జీతం ఆపేస్తారు, ఇక మీద ఈ కంపెనీలో గానీ వీళ్ళతో కలిసి పనిచేసే కంపెనీల్లో గానీ పని ఇవ్వరు అని ఉంది. ఇవా నువ్వు పట్టించుకోవద్దన్న ఆఫీసు మాటలు? మళ్ళీ అంకె దాచావు కదే నా దగ్గర!

పెద్దావిడకు ఫోన్ చేశాను. "కావాలని" అన్న మాట కొట్టేసి సంతకం పెడతాను అన్నాను. కుదరదంది. కావాలని కాకపోతే అది పొరపాటు, పొరపాటుకు సగమే ఇస్తారు, అదీ మూడు నెలలకు.

ఇక్కడ ఇంటావిడ శనివారం దాకా గడువిచ్చింది. నిన్న ఎవరో ఒక దంపతులు వచ్చి కింది గది చూసుకుని, ఎక్కడ బీరువా, ఎక్కడ మంచం అని నా కళ్ళముందే కొలుచుకుని వెళ్ళారు. వాళ్ళు చూస్తున్నంతసేపూ నేను మెట్ల మీద నిలబడి, వీళ్ళకు ఈ గది నచ్చకూడదు అని పళ్ళు నూరుకున్నాను. అమాయకులు, వాళ్ళు నాకేం చేశారు పాపం!

మీ బావ సంగతి చెప్పనా? మనిషి మారిపోయారు. ఇంటికొచ్చినప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు. తిండి పెడితే తింటారు, లేకపోతే అడగరు. నిన్న "వర్క్‌షాపు వాళ్ళకు రానని చెప్పెయ్, పాపం ఎంతకాలం ఆపుతారు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు. "తప్పంతా నాదే. మరదలు సరిగ్గానే చెప్పింది, తుడవమంది. తీగ పీకమని చెప్పలేదు కదా. పనివాణ్ణయి ఉండి అలారం తీసేశాను. బుద్ధి గడ్డితింది." నేను గిన్నెలు తోముతున్నాను. తోముతూనే ఉన్నాను. నువ్వు చేసింది నేనాయనకు చెప్పలేదు. చెబితే గోడ వైపు నుంచి ఇక ఇటు తిరగరేమోనని భయం. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది.

అందుకని సూటిగా అడుగుతున్నాను. వంకర టింకర లేకుండా జవాబు రాయి. కావాలనే చేశావా? కాదంటే నేను పెట్టను. అబద్ధం మీద నా చెల్లెలి నోటి దగ్గర కూడు లాక్కోను. అవునంటే పెడతాను.

అక్క


హాస్టల్
బుధవారం

అక్కా,

అవును. కావాలనే.

ఐదు అంగుళాల మాట నా కళ్ళముందే ఉంది. అది రాస్తే అమ్ముడుపోదని తెలిసే తీసేశాను. కొన్నవాళ్ళు ఏమైపోతే నాకేం అనుకున్నాను. అమ్మ మాట కూడా జనం కరుగుతారనే పెట్టాను. కాబట్టి ఆ కాగితంలో ఉన్నది అక్షరాలా నిజం. నువ్వు ధర్మసంకటంలో పడాల్సింది ఏమీ లేదు, సంతకం పెట్టు.

నా గురించి బెంగ వద్దు. ఒక పుస్తకాల కొట్లో మాట్లాడుకున్నాను, ఒకటో తారీఖు నుంచి రమ్మన్నారు. ఇక్కడికంటే జీతం ఎక్కువే. ఎలాగూ ఈ పని మానేద్దామనే ఉన్నాను. హాస్టల్ గది కూడా మారుతున్నాను, మంచి ఫ్యాను ఉన్న గదిలోకి.

శనివారం దాటనివ్వకు. ఉత్తరం అందగానే పెట్టు.

చెల్లి


కింది వాటా
పదో తారీఖు

చెల్లీ,

పైన చోటు పేరు చూశావా?

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున అందింది. చదివాను. నీకు చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడటం వచ్చు గానీ అతికినట్టు ఆడటం రాదు. కొన్నవాళ్ళు ఏమైతే నీకేం అనుకునేదానివైతే, మర్నాడే వెళ్ళి పేజీ దిద్దేదానివా? పెద్దావిడ బల్ల మీద నీ మెడ నువ్వే పెట్టేదానివా? పుస్తకాల కొట్టు లేదు, మంచి ఫ్యానూ లేదు. అన్నీ తెలిశాయి. అదంతా తెలిసే సంతకం పెట్టాను.

లాండ్రీ రిజిస్టరులో పెట్టినట్టే పెట్టాను. ఫోటో తీసి పంపేసి, మళ్ళీ వచ్చి దుప్పట్లు మడతపెట్టాను. నేను అలాంటిదాన్నని నాకు ఇంతకాలం తెలియదు. నిన్ను తిట్టిన తిట్లన్నీ ఆ రోజు నాకే తిరిగి వినబడ్డాయి.

డబ్బు రావడం ఆలస్యమైంది. పెద్దావిడ ఫోన్ చేసి వస్తుందని చెబితే, ఇంటావిడ ఆ మాట మీదే రెండు రోజులు ఆగింది. కుర్చీ తీసుకెళ్ళడానికి మళ్ళీ ఇద్దరు మనుషులొచ్చారు. ఆసుపత్రికి మోసుకెళ్ళినప్పుడు తప్ప ఏడాదిగా కిందికి దిగని మీ బావ కంటే ముందు అదే దర్జాగా మనుషుల భుజాల మీద దిగివెళ్ళింది. ఆ తర్వాత మా లాండ్రీ వాళ్ళు నలుగురు వచ్చారు. తడి బట్టలు మోసే మందపాటి గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని, విరిగిన భుజం కదలకుండా ఆయన్ను దించారు. మెట్టు మెట్టుకూ "ఏడున్నర, ఏడున్నర" అని ఆయనే లెక్కపెడుతూ నవ్వించారు. కింద మంచం మీద పడుకోబెట్టబోతే వద్దన్నారు. గుమ్మం దగ్గర కుర్చీ వేయించుకుని, చీకటి పడేదాకా వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. వచ్చేపోయే ప్రతి మనిషినీ పలకరించారు. కొందరికి ఆయనెవరో కూడా తెలియదు.

వర్క్‌షాపు వాళ్ళ బండి రోజూ గుమ్మం దగ్గరికే వస్తోంది. ప్రస్తుతానికి ఒంటిచేత్తో చేసే పనే ఇచ్చారు. నిన్న వేళ్ళనిండా తీగ కోతలతో ఇంటికొచ్చి, అన్నం రెండోసారి అడిగి పెట్టించుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. డబ్బు ఎలా వచ్చిందని ఆయన అడగలేదు. ఆయనకు ఆయనే చెప్పుకున్నారు. "మరదలు ఆఫీసరు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆ పెద్ద కంపెనీలు మనలాంటివాళ్ళను లెక్కచేస్తాయా? దాని పుణ్యమే ఇదంతా." కాదనడానికి నోరు తెరిచాను. "అవును" అన్న మాట బయటికొచ్చింది. వచ్చిపోయే వాళ్ళందరికీ ఇప్పుడు అదే చెబుతున్నారు.

పెద్దావిడ నాకు ఫోన్ చేసింది. నీకు జీతం ఆపేశారట, ఒకటో తారీఖు నుంచి రానివ్వలేదట. నిన్ను హాస్టల్లో ఇంకా ఎన్నాళ్ళు ఉండనిస్తారో నాకు తెలియదు గానీ, పెట్టె సర్దుకుని వచ్చెయ్. లాండ్రీలో మడతలు పెట్టేచోట ఒక మనిషి కావాలి, అడిగి ఉంచాను. ఈ గదిలో మూడో మనిషికి చోటుంది. నాకు నీ మీద కోపం పోలేదు, పోయిందని రాయను. నా మీద నీకు కోపం లేదని నువ్వూ రాయకు. ఎదురుగా వచ్చి తిట్టు, పడతాను.

ఒక్కటి మాత్రం దారిలో ఆలోచించుకుని రా. నువ్వు వీధి మలుపు తిరగగానే మొదట చూసేది మీ బావే, ఆ గుమ్మంలోనే కూర్చుని ఉంటారు. "ఆఫీసరమ్మా" అని అందరూ వినేలా పిలుస్తారు. ఆయనకు నిజం చెప్పాలి. నాకు చేతకాలేదు. నువ్వు చెబుతావో, ఇద్దరం కలిసి చెబుతామో తేల్చుకుని రా.

అక్క